బండికి బిగించిన చార్జర్‌కు కరెంటు ఎందుకు రాదు?

మోటార్ సైకిల్‌కు తర్వాత బిగించుకునే ఫోన్ చార్జర్, ఫాగ్ లైట్లు, అదనపు హారన్ అన్నింటికీ కరెంటు ఒకే తీరుగా వస్తుంది. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి స్విచ్ లేదా రిలే, అక్కడి నుంచి పరికరం. మళ్లీ ఎర్త్ వైరు మీదుగా బ్యాటరీ మైనస్. ఈ చుట్టులో ఎక్కడ తెగినా, ఎక్కడ చిలుము పట్టినా పరికరం పనిచేయదు. పాడైంది పరికరమే అనుకుని కొత్తది కొంటే, చాలాసార్లు అదీ పనిచేయదు.

జగిత్యాల నుంచి కరీంనగర్ పోయే దారిలో ఉన్న మల్యాల మండలం లాంటి చోట ఈ చుట్టు తెగడానికి కారణాలు చాలా ఉన్నాయి. నాట్ల రోజుల్లో పొలం దారుల బురదనీళ్లు వైర్ల జాయింట్లలోకి దిగుతాయి. వడ్ల బస్తాల పక్కన నిలిపిన బండి వైర్లను ఎలుకలు కొరుకుతాయి. కొండగట్టు అంజన్న గుడికి ఎక్కే ఘాట్ రోడ్డులో హ్యాండిల్ తిరిగిన ప్రతిసారీ దాని మెడ దగ్గరి వైర్లు వంగుతాయి. కొన్నాళ్లకు లోపలి రాగి తీగలు తెగిపోతాయి. పైతొడుగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

వెతకడం బ్యాటరీ దగ్గర మొదలుపెట్టాలి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటర్‌లో 12.6 వోల్టులకు తగ్గకుండా చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ అయినట్టే. ఇంజిన్ నడుపుతూ కాస్త రేస్ ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. అంత రాకపోతే లోపం చార్జింగ్‌లో ఉంది; మెకానిక్‌లు ఆర్‌ఆర్ యూనిట్ అని పిలిచే రెగ్యులేటర్‌ను, కరెంటు పుట్టించే స్టేటర్‌ను పరీక్షించాలి.

తర్వాత ఫ్యూజు. దాన్ని చూపుతో తేల్చకుండా, రెండు కాళ్ల దగ్గరా మీటర్ పెట్టి చూడాలి. ఒక వైపు 12 వోల్టులు ఉండి రెండో వైపు లేకపోతే ఫ్యూజు కాలినట్టే. కొత్తది వేయగానే అదీ కాలితే ఎక్కడో వైరు ఒరుసుకుని ఛాసిస్‌కు షార్ట్ అవుతోంది. అప్పుడు 10 ఆంపియర్ల చోట 20 వేయడం, రాగి తీగ చుట్టడం చాలా ప్రమాదం. ఫ్యూజు కాలకపోతే వైరు కాలుతుంది, ఆ వైరుకు పైనే పెట్రోల్ ట్యాంకు ఉంటుంది.

ఫాగ్ లైట్లకు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్, తప్పనిసరి. 35 వాట్ల లైట్లు రెండు కలిస్తే దాదాపు 6 ఆంపియర్లు లాగుతాయి. ఫోన్ చార్జర్‌కు ఒక ఆంపియరు సరిపోతుంది. స్విచ్ వేయగానే రిలే టిక్‌మనాలి. శబ్దం రాకపోతే 85, 86 నంబర్ల కాళ్లకు కరెంటు, ఎర్త్ అందుతున్నాయేమో చూడాలి. శబ్దం వచ్చి, 30లో కరెంటు ఉండి, 87లో లేకపోతే లోపలి పాయింట్లు కాలాయి.

అన్నీ బాగున్నట్టు కనిపించినా లైటు వెలగకపోవడమే మనుషులను ఎక్కువగా తికమకపెట్టే లోపం. బోరు పైపులో చెత్త అడ్డుపడినా, గేటు వాల్వు మూసి ఉన్నంతసేపు ప్రెజర్ నిండుగానే ఉంటుంది; నీళ్లు వదిలితేనే ధార సన్నబడుతుంది. వైరు కూడా అంతే. ఒక్క పోగు మిగిలినా, కరెంటు లాగనంతసేపు మీటర్‌లో 12 వోల్టులు కనిపిస్తాయి. అందుకే లైటు స్విచ్ ఆన్‌లో ఉండగానే కొలవాలి. బ్యాటరీ ప్లస్‌కూ లైటు ప్లస్‌కూ మధ్య అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఆ దారిలో లోపం. లైటు ఎర్త్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కూడా ఇలాగే చూడాలి. అక్కడ పావు వోల్టు దాటకూడదు. ఛాసిస్ మీద పెయింటు గీకకుండా బిగించిన ఎర్త్ బోల్టు దగ్గర ఈ లోపం తరచుగా దొరుకుతుంది.

అన్నీ సరిచేశాక బండి మోయగల కరెంటు లోడునూ లెక్క చూడాలి. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాల హెడ్‌లైట్ ఇంజిన్ నడిచినంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. అందువల్ల అదనపు లైట్లకు మిగిలే కరెంటు తక్కువ. ప్రతి పరికరానికీ తగిన ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా వేసి, జాయింట్లను మెలిపెట్టి టేపు చుట్టకుండా నీరు చొరబడని కప్లర్లతో కలిపితే, వానాకాలంలోనూ ఆ లైట్లు నమ్మకంగా వెలుగుతాయి.