‘లేట్’ అంటే ఆలస్యమేనా?

ఈరోజు మన మాట ‘లేట్’. బస్సు లేట్, జీతం లేట్... రోజూ వాడేదే కదా అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నా. కొత్త ఉద్యోగానికి అప్లై చేస్తూ పాత మేనేజర్‌ని ‘మై లేట్ మేనేజర్’ అని రాశా. రిఫరెన్స్‌గా ఆయన ఫోన్ నంబరే ఇచ్చా! హెచ్ఆర్ నుంచి కాల్: "సారీ అండీ, ఆయన ఎప్పుడు పోయారు?"

ఆయన బతికే ఉన్నారు బాబోయ్!

చూడండి, మనిషికి ముందు ‘మై లేట్’, ‘ద లేట్’ అని వస్తే ఆ మనిషి చనిపోయారని అర్థం. ‘ద లేట్ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం’ అంటే కీర్తిశేషులు అన్నమాట. అప్లికేషన్లలో పోయిన తండ్రి పేరు ముందు మనవాళ్లు ‘లేట్’ అని రాసేది ఇదే. అదే ‘మై మేనేజర్ ఈజ్ లేట్’ అంటే ఆయన ఇంకా రాలేదు, అంతే. అందుకే నాన్న పోయారని చెప్పడానికి ‘మై ఫాదర్ ఈజ్ లేట్’ అనకండి, అవతలివాళ్లు ఆయన కోసం ఎదురుచూస్తారు. ‘మై ఫాదర్ పాస్డ్ అవే’ అనండి.

మరి పాత మేనేజర్‌ని ఏమనాలి? ‘ఫార్మర్ మేనేజర్’. రైతు కాదండోయ్, మాజీ! ఇక ‘లేట్ 1990స్’ అంటే ఆ దశాబ్దం చివరి ఏళ్లు. ‘లేట్లీ’ అంటే ఈమధ్య, ఆలస్యంగా అని కాదు.

‘లేటెస్ట్’కీ ‘లాస్ట్’కీ తేడా వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.