క్రొత్త ప్రాసెసరునకు పాత ప్రోగ్రాములు

ఒక సంస్థ ఎంతో శ్రమించి క్రొత్త ప్రాసెసరు నొకదానిని నిర్మించిన దనుకొందము. అది చవకది; విద్యుత్తును తక్కువగా వాడును. ఐనను ఇతర ప్రాసెసరుల కొరకు సిద్ధముచేసిన ప్రోగ్రాము ఏదియు దానిపై నేరుగా నడువదు. దీనికి కారణమేమి?

ప్రతి జాతి ప్రాసెసరునకును తన ఆదేశముల పట్టిక యొకటి కలదు. దానిని ఆదేశావళి అందురు. ఉదాహరణకు, ఒక రిజిస్టరులో 5 అను సంఖ్యను ఉంచవలసియున్నది. రిజిస్టరనగా ప్రాసెసరులో సంఖ్యను తాత్కాలికముగా నిలుపు చిన్న అర. రిస్క్-ఫైవ్ అను ఆదేశావళిలో ఈ పనికి వాడు ఆదేశ మిట్లుండును:

000000000101 00000 000 00001 0010011

ఇందు మొదటి 12 అంకెలు 5 అను సంఖ్యను ద్విసంఖ్యామానములో తెలుపును. తరువాతి 5 అంకెలు 0వ రిజిస్టరును సూచించును. అందులో ఎల్లప్పుడు సున్నయే యుండును. 00001 అనునది ఫలితమును ఉంచవలసిన రిజిస్టరు. మిగిలిన 000, 0010011 అను భాగములు రెండును కలిసి "కూడుము" అని చెప్పును. అనగా సున్నకు 5 కూడి 1వ రిజిస్టరులో ఉంచుమని భావము. మేజాబల్ల కంప్యూటర్లలో విరివిగా కనబడు ఎక్స్86 ప్రాసెసరులో ఇదే పనికి సాధారణముగా 40 అంకెల వేరొక సంకేతమును వాడుదురు. ఒక దాని భాష మరియొక దానికి తెలియదు.

ప్రోగ్రాములు వ్రాయువారు ఈ సంకేతములను చేతితో వ్రాయరు. సి వంటి భాషలో వ్రాయుదురు. దానిని యంత్రభాషలోనికి మార్చు సాధనమే కంపైలరు. కావున క్రొత్త ప్రాసెసరునకు మొదట కావలసినది దాని భాష తెలిసిన కంపైలరు.

5 ప్రోగ్రామింగు భాషలు, 10 రకముల ప్రాసెసరులు ఉన్నవనుకొనుడు. ప్రతి జతకును వేర్వేరు కంపైలరు వ్రాసినచో 50 కావలెను. ఈ శ్రమను తగ్గించుటకు కంపైలరును భాగములుగా విడదీసిరి. ముందు భాగము భాషను చదివి, ఏ ప్రాసెసరుకును చెందని మధ్యరూపములోనికి మార్చును. నడిమి భాగము ఆ రూపమును మెరుగుపరచును. వెనుక భాగము దానిని ఆదేశములుగా మార్చును. ఇప్పుడు 5 ముందు భాగములు, 10 వెనుక భాగములు, వెరసి 15 చాలును. నడిమి భాగము అన్నిటికిని ఉమ్మడి. క్రొత్త ప్రాసెసరు వచ్చినపుడు ఒక్క వెనుక భాగము వ్రాసిన అయిదు భాషలును దానికి అందును.

రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేసిన జి.సి.సి., 2000లో ఇల్లినాయి విశ్వవిద్యాలయములో ప్రారంభమైన ఎల్.ఎల్.వి.ఎమ్. ఇట్టి నిర్మాణము గలవియే. వీని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును.

వెనుక భాగమును వ్రాయుట సులభము కాదు. ఆదేశముల సంకేతములు తెలిసినంత మాత్రమున చాలదు. ఒక ఫంక్షను మరియొక ఫంక్షనునకు సంఖ్యలను ఏ రిజిస్టరులలో అందించవలెనో కూడ ముందే నిర్ణయింపవలెను. రిస్క్-ఫైవ్‌లో సాధారణముగా ఇందుకు 10 నుండి 17 వరకు గల రిజిస్టరులను వాడుదురు. ఒక కంపైలరు 10వ దానిలో ఉంచిన సంఖ్యకై మరియొకటి 11వ దానిలో వెదకినచో ప్రోగ్రాము ఆగకపోవచ్చును. తప్పు లెక్క మాత్రము ఇచ్చును. అట్టి తప్పును పట్టుట మిక్కిలి కష్టము.

క్రొత్త ప్రాసెసరుపై నడచు కంపైలరు ఇంకను లేనప్పుడు మొదటి ప్రోగ్రామును ఎట్లు తయారుచేయుదురు? పాత కంప్యూటరుపై నడచుచు క్రొత్తదాని ఆదేశములను వెలువరించు కంపైలరును వాడుదురు. చిప్పు చేతికి రాకమునుపే, దాని ప్రవర్తనను అనుకరించు క్యూఎము వంటి ప్రోగ్రాముపై ఫలితమును పరీక్షింతురు.

రిస్క్-ఫైవ్ 2010లో అమెరికాలోని బర్క్‌లీలో ప్రారంభమైనది. దాని వెనుక భాగము 2017లో జి.సి.సి.లో చేరినది. ఎల్.ఎల్.వి.ఎమ్.లో 2019లో పూర్తి గుర్తింపు పొందినది. ఇందువలన మనదేశమునకును మేలు కలిగినది. మద్రాసు ఐ.ఐ.టి.లో రూపొందించిన శక్తి ప్రాసెసరులు ఈ ఆదేశావళినే అనుసరించును. వాటిపై 2018లో లినక్స్ నడచినది. కంపైలరును మొదటినుండి వ్రాయవలసి వచ్చినచో ఆ శ్రమ ప్రాసెసరు నిర్మాణమునకు తీసిపోయెడిది కాదు. కంపైలరు ఒక సంస్థ గుప్పిటిలోనే యుండినచో ఆ సంస్థ అనుమతి లేక అడుగు ముందుకు పడెడిది కాదు. పలుదేశములవారు కలిసి పెంచిన పనిముట్టు కనుకనే ఒక విద్యాసంస్థ నిర్మించిన ప్రాసెసరుకును అందుబాటులోనికి వచ్చినది.

విద్యార్థులు ఒక చిన్న అభ్యాసము చేయవచ్చును. పై ఉదాహరణను అనుసరించి, 7 అను సంఖ్యను 3వ రిజిస్టరులో ఉంచు ఆదేశమును వ్రాయుడు. మార్చవలసినవి రెండు భాగములే. వెనుక భాగము చేయు పనులలో ఇదియు నొకటి.