ఈటీఎఫ్‌లో పెద్దల వాటా: లెక్క చదివే తీరు

మన భవిష్యనిధి సొమ్ములో ఒక పాయ 2015 ఆగస్టు నుండి షేరు మార్కెట్టు వైపు ప్రవహిస్తున్న సంగతి మనలో చాలమందికి తెలిసినదే. అయితే ఆ పాయ ఏ కాలువ గుండా పోతున్నదో, ఆ కాలువలో మనతోపాటు మరెవరి నీరు ఉన్నదో విచారించినవారు తక్కువ. ఆ కాలువ పేరు ఎక్స్ఛేంజి ట్రేడెడ్ ఫండ్, వాడుకలో ఈటీఎఫ్. పదవీ విరమణకు చేరువైన మిత్రులు గ్రాట్యుటీ సొమ్మును ఎక్కడ దాచుకోవాలని చర్చించుకునే వేళ ఒక మాట తరచుగా వినవస్తుంటుంది: "పెద్ద సంస్థలు కొంటున్నాయట, మనమూ కొంటే పోలా?" ఈ మాటలో ఎంత నిజమున్నదో తేల్చుకోవాలంటే పెద్ద సంస్థలు కొంటున్నాయో లేదో ముందుగా కొలవడం తెలియాలి. కొలత పరికరాల నడుమ జీవితం గడిపిన ఇంజనీర్లముగా మేము ఈ వ్యాసంలో ఆ కొలతను గురించే ముచ్చటించదలచాము.

ఈటీఎఫ్ అనగా ఒక సూచీలోని షేర్లను అదే నిష్పత్తిలో కొని ఒక బుట్టలో ఉంచి, ఆ బుట్టను చిన్నచిన్న యూనిట్లుగా విభజించి, ఆ యూనిట్లను కూడ షేర్లవలెనే మార్కెట్టులో అమ్మకానికి పెట్టే ఏర్పాటు. అమెరికాలో ఎస్ అండ్ పీ 500 సూచీపై ఇటువంటి ఫండు 1993 జనవరిలో వచ్చినది. మన దేశంలో మొదటిది 2001 డిసెంబరులో బెంచ్‌మార్క్ మ్యూచువల్ ఫండ్ వారు ప్రారంభించిన నిఫ్టీ బీస్. ఈ రెంటి నడుమ 1999లో హాంకాంగులో జరిగిన ఉదంతం మన కథకు మరింత దగ్గర. 1998 ఆగస్టు సంక్షోభంలో మార్కెట్టును నిలబెట్టడానికి అక్కడి ప్రభుత్వం భారీగా షేర్లు కొన్నది. తరువాత వాటిని ఒక్కసారిగా అమ్మితే ధరలు కూలుతాయి గనుక ట్రాకర్ ఫండ్ అనే పేరుతో బుట్ట కట్టి, 3,330 కోట్ల హాంకాంగ్ డాలర్ల మేరకు ప్రజలకు, సంస్థలకు అమ్మినది. ప్రభుత్వపు వాటాను వదిలించుకోవడానికి ఈటీఎఫ్ ఎంత అనువైన సాధనమో దానితో తేటతెల్లమైనది.

మన దేశంలో అదే బాటలో 2014 మార్చిలో సీపీఎస్‌ఈ ఈటీఎఫ్ వెలువడినది. ఓఎన్‌జీసీ, గెయిల్, కోల్ ఇండియా, ఇండియన్ ఆయిల్, ఆయిల్ ఇండియా, పవర్ ఫైనాన్స్, రూరల్ ఎలక్ట్రిఫికేషన్, కంటైనర్ కార్పొరేషన్, ఇంజనీర్స్ ఇండియా, భారత్ ఎలక్ట్రానిక్స్ అనే పది ప్రభుత్వరంగ సంస్థల వాటాలు అందులో చేరినవి. తొలివిడతలో ప్రభుత్వానికి వచ్చినది 3,000 కోట్ల రూపాయలు. గోల్డ్‌మన్ శాక్స్ వారి నిర్వహణలో మొదలై, 2016లో రిలయన్స్ మ్యూచువల్ ఫండు చేతికి, 2019 నుండి నిప్పాన్ ఇండియా పేరు కిందకు వచ్చినది. 2018 చివరి విడతకు ముందు గెయిల్, ఇంజనీర్స్ ఇండియా, కంటైనర్ కార్పొరేషన్ బయటకు వెళ్ళి ఎన్‌టీపీసీ, ఎస్‌జేవీఎన్, ఎన్‌ఎల్‌సీ, ఎన్‌బీసీసీ లోపలికి వచ్చినవి. కలశం అదే, లోపలి తీర్థం మారినదన్నమాట. 2017 నవంబరులో ఐసీఐసీఐ ప్రుడెన్షియల్ నిర్వహణలో భారత్ 22 అనే మరొక బుట్ట 14,500 కోట్ల రూపాయలతో తోడైనది.

ఇక కొనుగోలుదారులు. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ తన కొత్త జమలలో 5 శాతంతో 2015లో మొదలుపెట్టి, 2016-17లో 10 శాతానికి, 2017-18 నుండి 15 శాతానికి ఈటీఎఫ్ పెట్టుబడిని పెంచినది. తొలి ఏడాది 6,500 కోట్లకు పైగా, మరుసటి ఏడాది 15 వేల కోట్లకు చేరువగా, ఆపై ఏడాది 24 వేల కోట్లకు మించి ఈ మార్గాన వెళ్ళినది. అధికభాగం నిఫ్టీ, సెన్సెక్సు ఫండులకు పోగా, కొంత ఈ ప్రభుత్వరంగపు బుట్టలలోనూ చేరినది. ప్రభుత్వం అమ్ముతుంటే కార్మికుని భవిష్యనిధి కొంటున్నది. ఆ కార్మికుడు పనిచేసేది ఆ బుట్టలోని సంస్థలోనే కావచ్చు. ఈ చుట్టరికం మన వంటి ఉద్యోగులకు తప్ప మరెవరికీ అంత ఆసక్తికరం కాదేమో.

కొలత విషయానికి వస్తాము. సంస్థాగత మదుపరుల యాజమాన్యం పెరిగినదా తగ్గినదా అని చెప్పడానికి మూడు అంకెలు వాడుకలో ఉన్నవి: వారి చేతిలోని విలువ, వారి చేతిలోని యూనిట్లు, మొత్తం యూనిట్లలో వారి శాతం. పత్రికలలో ఎక్కువగా కనబడేది మొదటిది. అన్నింటికంటె తక్కువగా నమ్మదగినదీ అదే.

బాయిలర్ హౌసులో పనిచేసిన మిత్రులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆవిరి వాడకం హఠాత్తుగా పెరిగినప్పుడు డ్రమ్ములో పీడనం తగ్గి, నీటిలోని బుడగలు ఉబ్బి, గేజిలో నీటిమట్టం పైకి లేచినట్లు కనబడుతుంది. నిజానికి ఆ క్షణాన డ్రమ్ము నుండి నీరు పోతున్నది. మట్టం పెరిగినది గదా అని ఫీడు వాల్వు మూసిన ఆపరేటరు కొద్దిసేపటిలోనే చిక్కులో పడతాడు. అందుకే మట్టాన్ని ఒక్కదానినే నమ్మక, లోపలికి వచ్చే నీటి ప్రవాహాన్ని, బయటకు పోయే ఆవిరి ప్రవాహాన్ని కూడ కలిపి చూస్తాము.

ఈటీఎఫ్‌లో బుడగ పేరు ధర. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాము. ఒక ఫండులో 100 కోట్ల యూనిట్లు ఉన్నవి. ఒక్కొక్కటి 20 రూపాయలు. సంస్థల చేతిలో 60 కోట్ల యూనిట్లు. అనగా సంస్థల విలువ 1,200 కోట్లు, శాతం 60. ఏడాది గడిచేసరికి ధర 30 రూపాయలైనది. ఈలోగా సంస్థలు 5 కోట్ల యూనిట్లను ఫండుకు తిరిగి ఇచ్చివేసినవి, అవి రద్దయినవి. ఇప్పుడు వారి చేతిలో 55 కోట్ల యూనిట్లు, విలువ 1,650 కోట్లు. "సంస్థల పెట్టుబడి 450 కోట్లు పెరిగినది" అని శీర్షిక పెట్టవచ్చు, అబద్ధం కాదు. కాని వారు చేసినది అమ్మకం. మొత్తం 95 కోట్ల యూనిట్లలో వారి శాతం 58కి దిగినది.

అంతమాత్రాన శాతాన్ని కళ్ళు మూసుకుని నమ్మవచ్చునా? అదీ కాదు. ఆ మరుసటి ఏడాది ప్రభుత్వం మరొక విడతగా 50 కోట్ల యూనిట్లు అమ్మినదనుకుందాము. అందులో సంస్థలు 20 కోట్లు, చిన్న మదుపరులు 30 కోట్లు తీసుకున్నారు. సంస్థల చేతిలో యూనిట్లు 75 కోట్లకు పెరిగినవి. కాని మొత్తం 145 కోట్లు కావడంతో వారి శాతం 52కి పడిపోయినది. కొన్నవారి శాతమే తగ్గినది! కనుక యూనిట్ల సంఖ్యనూ, శాతాన్నీ పక్కపక్కన ఉంచి చదవాలి. విలువను చివరకు చూడాలి.

ఇది కేవలం పుస్తకపు లెక్క కాదు. సీపీఎస్‌ఈ ఈటీఎఫ్ యూనిటు 2014లో 20 రూపాయల లోపు ధరకు విడుదలై, 2020లో ఆ ధరకంటె దిగువకు జారి, 2024 మధ్యనాటికి 90 రూపాయలు దాటినది. ఇంతటి ఊగిసలాటలో విలువ అంకె చెప్పేది ధర కథే గాని యాజమాన్యపు కథ కాదు. తొలివిడతలో మరొక చిన్న విశేషమున్నది. ఏడాదిపాటు యూనిట్లు అమ్మక నిలుపుకొన్న చిన్న మదుపరులకు ప్రతి 15 యూనిట్లకు 1 యూనిటు బహుమతిగా ఇచ్చారు. ఎవరూ ఒక్క రూపాయి పెట్టకుండానే 2015లో చిన్న మదుపరుల వాటా ఆ మేరకు పెరిగినది. అటువంటి గీతను చూసి ధోరణి అని భ్రమపడరాదు.

యూనిట్లు పెరగడం, తగ్గడం ఎలా జరుగుతుందో కూడ తెలిసి ఉండాలి. మార్కెట్టులో యూనిటు ధర లోపలి షేర్ల విలువకంటె హెచ్చినప్పుడు మార్కెట్ మేకర్లు షేర్ల బుట్టను ఫండుకు అప్పగించి కొత్త యూనిట్లు పొంది అమ్ముతారు; తగ్గినప్పుడు యూనిట్లు కొని అప్పగించి షేర్లు తీసుకుపోతారు. 2023 మే నుండి ఇతర మదుపరులు నేరుగా ఫండుతో లావాదేవీ జరపాలంటే సాధారణంగా 25 కోట్ల రూపాయలకు మించిన ఆర్డరు ఉండాలని సెబీ నియమం. కాబట్టి మార్కెట్ మేకరు చేతిలోని యూనిట్లు కూడ "సంస్థాగతం" పద్దులోకే వస్తాయి. అతడు గోదాము కాపలాదారు వంటివాడు. అతని వద్ద నిల్వ పెరిగితే సరకుపై మోజు పెరిగినదని అర్థం కాదు. ఒక్కొక్కప్పుడు కొనేవారు లేక నిల్వ పేరుకొన్నదని కూడ కావచ్చు.

మరి ఈ అంకెలు ఎక్కడ దొరుకుతాయి? ప్రతి లిస్టెడ్ కంపెనీ త్రైమాసికం ముగిసిన 21 రోజులలో తన వాటాదారుల వివరాలను స్టాక్ ఎక్స్ఛేంజికి సమర్పించాలి. 1 శాతం, ఆపై వాటా గల పబ్లిక్ వాటాదారుల పేర్లు అందులో ఉంటాయి. ఇందులో ఒక మెలిక ఉన్నది. ఈటీఎఫ్ కొన్న షేర్లు "మ్యూచువల్ ఫండ్లు" అనే గడిలో కనబడతాయి. ఒక ప్రభుత్వరంగ సంస్థలో కేంద్ర ప్రభుత్వపు వాటా తగ్గి, అదే త్రైమాసికంలో మ్యూచువల్ ఫండ్ల వాటా పెరిగితే, ఎవరో నిపుణుడు ఆ సంస్థ లెక్కలను పరిశీలించి, మెచ్చి కొన్నాడని అనుకోరాదు. సూచీలో ఉన్నది గనుక బుట్టలో చేరినది, అంతే.

ఇంతకూ ఆ పత్రం చెప్పేది ఈటీఎఫ్ చేతిలో ఏమున్నదనే. ఈటీఎఫ్ ఎవరి చేతిలో ఉన్నదో చెప్పదు. దానికి మ్యూచువల్ ఫండ్ల సంఘమైన యాంఫీ ప్రకటించే మదుపరుల వర్గీకరణను చూడాలి. కార్పొరేట్లు, బ్యాంకులు-ఆర్థిక సంస్థలు, విదేశీ సంస్థాగత మదుపరులు, సంపన్నులు, చిన్న మదుపరులు అని అయిదు పద్దులు. మన దేశపు ఈటీఎఫ్ ఆస్తులలో చాల పెద్దభాగం సంస్థలదేనని అందులో స్పష్టమవుతుంది. కాని భవిష్యనిధికి ప్రత్యేకమైన గడి లేదు; అది కూడ విలువ రూపంలోని లెక్కే. సాధారణ మ్యూచువల్ ఫండు పథకంలో ఒక్క మదుపరికి 25 శాతానికి మించి ఉండరాదన్న నియమం ఉన్నది. ఈటీఎఫ్‌లకు అది వర్తించదు. అనగా ఒక్క చేతిలోనే ఎంత ఉన్నా అభ్యంతరం లేదు.

అమెరికాలో పరిస్థితి వేరు. 1975 నాటి చట్ట సవరణ ప్రకారం 10 కోట్ల డాలర్లు, అంతకుమించిన షేర్లు నిర్వహించే ప్రతి సంస్థా త్రైమాసికం ముగిసిన 45 రోజులలో 13 ఎఫ్ అనే పత్రం దాఖలు చేయాలి. ఈటీఎఫ్ యూనిట్లు కూడ అందులో పేరుపేరునా ఉంటాయి. చూడ ముచ్చటైన ఏర్పాటే. అయితే 45 రోజుల ఆలస్యమంటే నిన్నటి ఉష్ణోగ్రతను నేడు చదివి కొలిమిని నడపడం. పైగా ఆ పత్రంలో కొన్నవే ఉంటాయి. అరువు తెచ్చి అమ్మినవి ఉండవు. ఒకరు అరువిచ్చిన యూనిటును మరొకరు అమ్మగా, కొన్న మూడవవాడు కూడ తనదని రాసుకుంటాడు. అందువలన కొన్ని ఈటీఎఫ్‌లలో సంస్థల వాటా నూరు శాతం దాటినట్లు కూడ లెక్క తేలుతుంది. పొలం ఒక ఎకరమే, పట్టాలు రెండు!

ఒకే కొనుగోలుదారు బలిసిపోతే ఏమగునో తెలుసుకోవాలంటే జపాను వైపు చూడాలి. అక్కడి కేంద్ర బ్యాంకు 2010 డిసెంబరులో ఈటీఎఫ్‌లు కొనడం మొదలుపెట్టి, దేశంలోని ఈటీఎఫ్ ఆస్తులలో అత్యధిక భాగానికి సొంతదారై, 2024 మార్చిలో కొత్త కొనుగోళ్ళు ఆపినది. కొన్న ధరల ప్రకారం నిల్వ సుమారు 37 లక్షల కోట్ల యెన్లు. 2025 సెప్టెంబరులో అమ్మకాలకు నిర్ణయం తీసుకొని, ఏడాదికి 33 వేల కోట్ల యెన్ల చొప్పున అని ప్రకటించినది. భాగహారం చేస్తే నూరేళ్ళకు పైమాట. మార్కెట్టు కుదుపుకు లోనుకాకుండా బయటకు రావడం, లోపలికి పోవడంకంటె ఎంత నిదానమైన పనో దీనినిబట్టి ఊహించవచ్చు.

మన భవిష్యనిధి సంస్థ ఆ స్థాయిలో లేదు. 2022-23లో అది ఈటీఎఫ్‌లలో పెట్టినది 53 వేల కోట్ల రూపాయలు. కాని దాని కొనుగోలు అభిప్రాయాన్నిబట్టి కాక జమలనుబట్టి జరుగుతుంది: జీతాలు పడిన నెలలో జమ, జమలో 15 శాతం మార్కెట్టుకు. దేశంలో ఉద్యోగాలు పెరిగితే ఆ గీత పెరుగుతుంది. కనుక "భవిష్యనిధి కొంటున్నది, అది పెద్ద సంస్థ, దానికి తెలియదా" అని అనుకరించడం తగదు. పైగా దాని ఫలితం సభ్యునికి నేరుగా రాదు. ఏటా ప్రకటించే వడ్డీ రూపంలో వస్తుంది. 2019-20కి ప్రకటించిన 8.5 శాతంలో 0.35 శాతం ఈటీఎఫ్‌ల అమ్మకపు లాభం నుండి రావలసి ఉన్నదని 2020 సెప్టెంబరులో చెప్పిన సందర్భం మిత్రులకు గుర్తుండవచ్చు. మార్కెట్టు పడినప్పుడు సభ్యునికి ఆ గొడుగు ఉన్నది. సొంతంగా గ్రాట్యుటీతో అవే యూనిట్లు కొన్నవానికి లేదు.

మరొక్క విషయం. మన వంటి ఉద్యోగులకు జీతం ప్రభుత్వరంగం నుండి, విరమణానంతర వైద్య సదుపాయం అక్కడి నుండే. కొందరి వద్ద ఉద్యోగుల కోటాలో తీసుకున్న సొంత కంపెనీ షేర్లు కూడ ఉన్నవి. ఆ పైన పొదుపును కూడ ప్రభుత్వరంగపు బుట్టలోనే పెడితే, ఒకే ఫీడరు మీద ఇల్లంతా నడిపినట్లవుతుంది. ఫండు మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న.

మినహాయింపు పొందిన సంస్థలలో భవిష్యనిధిని సొంత ట్రస్టు నడుపుతుంది. ఆ ట్రస్టు కేంద్ర సంస్థ ప్రకటించిన రేటుకు తగ్గకుండా వడ్డీ ఇవ్వాలి. లోటు వస్తే యాజమాన్యం భరించాలి. అటువంటి ట్రస్టులలో సభ్యులైన మిత్రులు వార్షిక లెక్కలు చేతికి వచ్చినప్పుడు ఈటీఎఫ్ పద్దు ఎదుట మూడు అంకెలు ఉన్నవో లేవో చూడవలెను: ఏ ఫండులో ఎన్ని యూనిట్లు, కొన్న సగటు ధర ఎంత, మార్చి 31 నాటి విలువ ఎంత. విలువ ఒక్కటే ఉంటే మిగిలిన రెండింటిని ఉద్యోగుల పక్షాన ఉన్న ధర్మకర్తలను అడిగి రాబట్టవచ్చును. గత ఏడాది యూనిట్ల సంఖ్యను దాని పక్కన రాసుకుంటే, మన ట్రస్టు ఆ ఏడాది కొన్నదో, అమ్మినదో, ఊరకున్నదో రెండు నిమిషాలలో తేలిపోతుంది.