కోల్పోయిన పంటికి క్రొత్త వేరు

"పళ్లున్నప్పుడు సెనగలు లేవు, సెనగలున్నప్పుడు పళ్లు లేవు" అని మన పెద్దల సామెత. వేరుసెనగకు పేరుపొందిన అనంతపురం సీమలో ఈ మాట చమత్కారము మాత్రమే కాదు. పండ్లు పోయిన వృద్ధులు జొన్నరొట్టెను పప్పులో నానవేసికొని తినుట, వేయించిన సెనగగింజలను పొడి చేయించుకొనుట మనము ఇండ్లలో చూచుచున్న దృశ్యమే. నమలలేకపోవుట చిన్న లోపముగా కనిపించును. కాని ఆహారము, పలుకు, నలుగురిలో నవ్వుటకు కావలసిన ధైర్యము, ఇవన్నియు పండ్లతో ముడిపడియున్నవి. పండ్లు కోల్పోయినవారికి నేటి దంతవైద్యము చూపుచున్న మార్గములలో ఒకటి డెంటల్ ఇంప్లాంట్. దీనిని కృత్రిమ దంతమూలము అని చెప్పుకొనవచ్చును. అది యేమి, ఎవరికి తగును, ఎవరికి తగదు అను విషయములను మేము ఈ వ్యాసమున వివరింపదలచినాము.

పోయిన పంటికి బదులు నిలుపవలెనను కోరిక చాల ప్రాచీనమైనది. మధ్య అమెరికాలోని హోండురాస్‌లో 1931లో లభించిన ఒక మాయా జాతివారి దవడ ఎముకలో, ముందుపండ్ల స్థానమున గుల్లచిప్పలతో చెక్కిన ముక్కలు నాటబడియున్నవి. పదవ శతాబ్దమున స్పెయిన్ దేశమునందలి కార్డోబా ప్రాంతమున వర్ధిల్లిన శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ, కదలు పండ్లను బంగారు తీగతో బంధించు విధమును, ఎద్దు ఎముకతో పండ్లు చెక్కి అమర్చు విధమును తన 'అత్ తస్రీఫ్' గ్రంథమున వర్ణించెను. మన దేశమున దంతవైద్య విద్యకు పునాది వేసినవారు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. ఆయన 1920లో కలకత్తాలో దేశపు తొలి దంతవైద్య కళాశాలను నెలకొల్పిరి.

ఇంతమంది ఇన్ని విధముల యత్నించినను ఒక చిక్కు మిగిలిపోయెను. బయటి వస్తువును ఎముక సాధారణముగా తనదిగా చేర్చుకొనదు. ఈ చిక్కు విడిపోయినది యాదృచ్ఛికముగానే. 1952లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ ఎముకలోని రక్తప్రసారమును పరిశీలించుటకై కుందేలు కాలి ఎముకలో టైటానియం లోహపు చిన్న సాధనమును అమర్చెను. పరిశీలన ముగిసిన పిమ్మట తీయబోగా అది ఊడి రాలేదు. ఎముక ఆ లోహమును గట్టిగా పట్టుకొని పెరిగియుండెను. ఈ గుణమును ఆధారము చేసికొని 1965లో ఆయన తొలిసారిగా ఒక రోగి దవడలో టైటానియం మూలములను నాటెను. 1982లో టొరంటో నగరమున జరిగిన సమావేశము తరువాత ఈ పద్ధతి ప్రపంచమున విస్తారముగా అంగీకరింపబడినది.

ఇంప్లాంటునకు ముఖ్యముగా మూడు భాగములు కలవు. మొదటిది ఎముకలో బిగించు టైటానియం మరచీల. ఇది వేరు వంటిది. రెండవది ఆ వేరుపై నిలుచు చిన్న స్తంభము. మూడవది పైకి కనిపించు పంటి తొడుగు. మొదట ఎక్స్‌రే లేదా స్కానింగు ద్వారా ఎముక మందమును, నరముల స్థానమును కొలిచి, పిదప చిగురుకు మత్తు ఇచ్చి చీలను బిగింతురు. ఎముక దానిని పట్టుకొనుటకు సాధారణముగా మూడు నుండి ఆరు మాసములు పట్టును. ఆ పిమ్మటనే తొడుగును అమర్చుట వాడుక.

కట్టుడు పండ్లు చిగురుపై ఆనుకొని యుండును. బ్రిడ్జి అనునది ప్రక్కనున్న మంచి పండ్లను అరగదీసి వాటిపై మోపబడును. ఇంప్లాంటు మాత్రము స్వతంత్రముగా ఎముకపై నిలుచును. ఇచ్చట ఒక సూక్ష్మము గ్రహింపవలెను. చెట్టు పోయిన గట్టుపై మట్టి నిలువదు. అట్లే పన్ను పోయినచోట దవడ ఎముక క్రమముగా అరిగిపోవును. ఆ క్షయము మొదటి సంవత్సరముననే అధికము. కావున "చూతములే" అని ఏండ్లు గడిపినవారికి పిదప ఎముకను పూరించు అదనపు చికిత్స అవసరము కావచ్చును. పన్ను పోయిన వెంటనే వైద్యుని సలహా పొందుట మేలు.

ఇది అందరికిని తగినది కాదు. అదుపులేని మధుమేహము గలవారికిని, బీడీ సిగరెట్లు విడువనివారికిని మూలము నిలువకపోవు అపాయము ఎక్కువ. దవడ పెరుగుదల పూర్తికాని బాలబాలికలకు దీనిని అమర్చరు. వ్యయమును తక్కువ కాదు. పలుమార్లు వైద్యుని యొద్దకు వెళ్లవలసియుండును. ఈ కారణములచే కట్టుడు పండ్లు నేటికిని గౌరవింపదగిన చికిత్సయే. ఇక ఇంప్లాంటుకు పుచ్చు పట్టదన్న మాట నిజమే గాని, శుభ్రత లోపించినచో దాని చుట్టునున్న చిగురు వాచి, ఎముక కరిగి, మూలమే వదులగును.

మన సీమకు చెందిన మరియొక విషయము కలదు. వానలు తక్కువైన ఈ పీఠభూమిలో నీటికై బోర్లను లోతుకు దింపుచున్నాము. నల్లరాతి పొరలలోని ఫ్లోరైడు ఆ నీటిలో కలియును. పండ్లు రూపుదిద్దుకొను బాల్యమున, సుమారు ఎనిమిదేండ్ల లోపున, అట్టి నీరు త్రాగిన పిల్లల దంతములపై తెల్లని, గోధుమరంగు మచ్చలు శాశ్వతముగా నిలిచిపోవును. నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములను మించరాదని ప్రమాణము. 1995లో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు జిల్లాలో ఆరంభించిన త్రాగునీటి పథకమునకు ఈ ఫ్లోరైడు బాధయు ఒక కారణమే. మచ్చలకు సిగ్గుపడి నోటికి చేయి అడ్డము పెట్టుకొను యువతీయువకులకు మేము చెప్పునది ఒక్కటే: మచ్చపడిన పన్ను పోయిన పన్ను కాదు. దానిని పీకించి క్రొత్తది పెట్టించుకొనుట తెలివి గాదు. మచ్చలను తగ్గించుటకును, కప్పుటకును వేరు చికిత్సలు కలవు.

విద్యార్థి మిత్రులారా! ఆటస్థలమున దెబ్బ తగిలి శాశ్వత దంతము వేరుతో ఊడివచ్చినచో పారవేయకుడు. వేరును తాకక, పైభాగమును పట్టుకొని, తేలికగా కడిగి, పాలలో వేసి, గంట లోపల వైద్యుని చేరినచో దానినే మరల నిలుపు అవకాశము కలదు. వేపపుల్ల యైనను, మిస్వాక్ యైనను, బ్రష్షు యైనను నియమముగా వాడుడు. గుట్కా జోలికి పోకుడు. కళాశాల పాలకవర్గమువారు ఏటేట దంతపరీక్షను, త్రాగునీటికి ఫ్లోరైడు పరీక్షను ఏర్పాటు చేయింపవలెనని మేము సవినయముగా కోరుచున్నాము. ఉన్న వేరును కాపాడుకొనుట మన చేతిలోనిది. అది పోయిననాడు మాత్రమే టైటానియం వేరును ఆశ్రయింతము.