టెన్నిసు ఆటలో గురి

టెన్నిసు నేర్చుకొను బాలురకు బంతిని బలముగా కొట్టవలెనను కోరిక మెండు. బంతి కంచె దాటిపోయినను ఆ దెబ్బ చప్పుడు వారికి ముచ్చట గొల్పును; దానిని వెదకి తెచ్చువారికి మాత్రము ఆ ముచ్చట ఉండదు. ఆటలో లెక్కకు వచ్చునది బంతి పడిన చోటు.

బంతి నేలపై ఒకమారు పడి లేచిన పిమ్మట కొట్టు దెబ్బకు గ్రౌండ్‌స్ట్రోకు అని పేరు. కుడిచేతివాటము గలవాడు కుడిప్రక్కకు వచ్చిన బంతిని కొట్టినచో ఫోర్‌హ్యాండు, ఎడమప్రక్కకు వచ్చినదానిని కొట్టినచో బ్యాక్‌హ్యాండు అందురు. ఏ దెబ్బకైనను రాకెట్టు తంత్రులను బంతి అంటియుండు కాలము అత్యల్పము. ఒక సెకనును వేయి భాగములు చేసినచో అందు నాలుగైదు భాగములు మాత్రమే. అంతలో చేతిని సవరించుకొనుట ఎవరికిని సాధ్యము కాదు. కావున చేయవలసిన పని యంతయు ముందే జరిగిపోవలెను. ఎదిరి బంతిని కొట్టబోవుచుండగా ఆటగాడు తేలికగా ఎగిరి రెండు కాళ్లపై నిలుచును. బంతి ఏ వైపునకు వచ్చుచున్నదో తెలిసినంతనే భుజములను ఆ వైపునకు త్రిప్పును. వానితోపాటు రాకెట్టును వెనుకకు పోవును. బంతి దగ్గరకు వచ్చువరకు ఊరకుండి, ఆ పిమ్మట రాకెట్టును వెనుకకు తీయువాడు ప్రతి బంతికిని వెనుకబడును. క్రొత్తవారి తప్పులలో పెక్కు ఇచ్చటనే పుట్టుచున్నవి. బంతిని శరీరమునకు ముందుభాగమున, నడుము ఎత్తున కలిసికొనుట మేలు. అది ఎచ్చట పడునో చూచుటకు తొందరపడి తల యెత్తరాదు.

రాకెట్టు క్రిందినుండి మీదికి సాగినచో బంతి ముందునకు దొరలుచు పోవును. దీనిని టాప్‌స్పిన్ అందురు. ఇట్లు తిరుగు బంతిని గాలి క్రిందికి నెట్టును. అందుచే అది వలమీద ఎత్తుగా పోయియు కోర్టు లోపలనే దిగును. మీదినుండి క్రిందికి కోసినట్లు కొట్టిన స్లైసు బంతి గాలిలో తేలుచు వచ్చి, నేలనంటి అంతగా లేవక జారిపోవును.

ఇక బంతి నెచ్చట వేయవలెను? కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్సు ఆటకు వెడల్పు 27 అడుగులు. మూలనుండి మూలకు కొలిచినచో 82 అడుగులకు పైగా ఉండును. వల కొనలయందు మూడున్నర అడుగుల ఎత్తుండగా నడుమ 3 అడుగులే ఉండును. కనుక ఐమూలగా కొట్టు బంతికి దాటవలసిన వల తక్కువ, పడుటకు నేల ఎక్కువ. కాలు నిలువని సమయమున అనుభవజ్ఞులు ఈ దారినే పట్టుదురు. ప్రక్కగీత వెంబడి నేరుగా కొట్టుట సాహసము. ఎదిరిని ఒక మూలకు లాగి, రెండవ ప్రక్క ఖాళీ చేసిన పిమ్మట దానికి సమయము. అప్పుడును గీతకు ఒక గజము లోపల గురిపెట్టినచో, చేయి కొంత తప్పినను బంతి లోపలనే పడును. బేస్‌లైనుకు ఇవతల ఒక తువ్వాలు పరచి, దానిపై బంతి పడునట్లు కొట్టుచు సాధన చేయుట తేలికైన ఉపాయము.

మన దేశమున ఈ విద్యకు ప్రసిద్ధుడు రామనాథన్ కృష్ణన్. ఉరవడి కంటె నేర్పునే నమ్మి అతడు 1960, 1961 సంవత్సరములలో వింబుల్డన్ సెమీఫైనలు చేరెను.

1975 వింబుల్డన్ ఫైనలు ఇందుకు గొప్ప నిదర్శనము. అమెరికాలోని రిచ్‌మండు నగరమున పుట్టిన ఆర్థర్ ఆష్ నల్లజాతివాడు. బాల్యమున తెల్లవారి కోర్టులలో అడుగిడుట అతనికి నిషిద్ధము. అంతవరకు ఏ నల్లజాతి పురుషుడును వింబుల్డన్ సింగిల్సు గెలిచియుండలేదు. అతనికి 32 ఏండ్లు నిండుటకు కొలది దినములే కొదవ. ఎదుట 22 ఏండ్ల జిమ్మీ కానర్స్, క్రిందటి యేటి విజేత, ఎడమచేతివాటమువాడు. వేగముగా వచ్చిన బంతిని అంతకు మించిన వేగముతో త్రిప్పికొట్టుట అతనికి వెన్నతో పెట్టిన విద్య.

బలముగా కొట్టుట ఆష్‌కును అలవాటే. ఆనాడు దానిని విడిచిపెట్టెను. వేగము లేని స్లైసు బంతులను కానర్స్ ఫోర్‌హ్యాండుకు క్రిందుగా వేసెను. ముందుకు వచ్చినపుడు తలమీదుగా ఎత్తివేసెను. వేగమును తానే కల్పించుకొనవలసివచ్చిన కానర్స్ తడబడెను. తొలి రెండు సెట్లు 6-1, 6-1గా ముగిసెను. మూడవది కానర్స్ 7-5తో గెలిచి, నాలుగవదానిలో 3-0తో ముందంజ వేసెను. ఇట్టి సమయమున పాత అలవాటు చేతిని లాగుట సహజము. ఆష్ తన ఉపాయమును మార్చలేదు. ఆ సెట్టును 6-4గా గెలిచెను. చివరి సర్వీసుకు కానర్స్ బలహీనముగా తిరుగు బంతి నిచ్చెను. ఆష్ వలయొద్దకు వచ్చి దానిని ఖాళీ ప్రక్కకు కొట్టివేసెను.