పందెపు బండ్ల చట్రములు - అతుకుల సంరక్షణ

మాలూరు పెంకులకును ఇటుకలకును పేరొందిన ఊరు. పచ్చిపెంకు ఒక వైపు ముందుగా ఆరి, రెండవ వైపు తడిగా నిలిచినచో వంకరపోవుననియు, ఒక్కొక్కప్పుడు పగులుననియు అచ్చటి పనివారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఉక్కు గొట్టములను వెల్డింగు చేయునప్పుడు జరుగునదియు ఇంచుమించు ఇదియే. కాగిన చోటు వ్యాకోచించి, చల్లారునప్పుడు ముడుచుకొని, చుట్టునున్న చల్లని లోహమును తనవైపు లాగును.

ఈ కోలారు జిల్లాలోనే బంగారు గనుల చెంత బెమెల్ కర్మాగారమున బుల్డోజర్ల వంటి యంత్రములు తయారగుచున్నవి. వానికి బరువు దోషము కాదు. 2015లో డకార్ పందెమును ముగించిన తొలి భారతీయుడు సి. ఎస్. సంతోష్ నెలకొల్పిన బిగ్ రాక్ డర్ట్ పార్కు కూడ ఈ జిల్లాలోనిదే. మట్టిదిబ్బలపై ఎగిరిపడు మోటారు సైకిలుకు మాత్రము ప్రతి కిలోయు భారమే.

బరువు తగ్గించుటకు గొట్టమును సన్నగిల్లజేయుట మార్గము కాదు. లావు పెంచి గోడను పలుచన చేయవలెను. 25 మి.మీ. వ్యాసము, 3 మి.మీ. గోడ గల గొట్టమునకు బదులు 32 మి.మీ. వ్యాసము, 1.6 మి.మీ. గోడ గలదానిని వాడినచో బరువు నాలుగవ వంతు తగ్గును. వంపునకు లొంగని బిగువు మూడవ వంతుకు మించి హెచ్చును. 1959 నాటి మసెరాటి పందెపు కారుకు సుమారు 200 చిన్న గొట్టములతో చట్రమును కూర్చిరి. దానికి ‘పక్షి పంజరము’ అను పేరు వచ్చుట వింత కాదు.

అయితే పలుచని గోడ వెల్డింగు పనివానికి పరీక్ష. వేడి హెచ్చినచో చిల్లుపడును, తగ్గినచో అతుకు లోతుగా పట్టదు. కావున ఆర్గాన్ వాయువు నీడలో చేయు టిగ్ పద్ధతిని మేలుగా ఎంచెదరు. తుప్పు, నూనె, రంగు ముందే తుడిచివేయవలెను. క్రోమియం, మాలిబ్డినం కలిసిన 4130 రకపు ఉక్కును అతికిన వెంటనే నీటితో చల్లార్చరాదు. అది గట్టిపడి పెళుసగును. తొందర మనిషికి ఈ పని తగదు.

సరిగా చేసిన అతుకు సాధారణముగ నడుమ తెగదు. దాని అంచున, వేడి సోకిన గొట్టముమీద వెంట్రుకవంటి పగులు పుట్టి, ప్రతి కుదుపునకును కొంత సాగును. అది తెగు దినమున ప్రమాదము తోలువాని ప్రాణమునకే. కావున పందెము ముగిసిన పిదప చట్రమును కడిగి, అతుకులను ఒక్కొక్కటిగా చూడవలెను. అనుమానము కలిగిన చోట రంగు గీకి, ఎఱ్ఱని చొరబాటు ద్రవమును పూసి, కొంతసేపు ఉంచి తుడిచి, తెల్లని పొడిమందు చల్లినచో పగులు ఎఱ్ఱగీతయై బయటపడును.

అట్టి పగులుపై మరల లోహము పోసి కప్పుట పలుచోట్ల కనిపించు దురలవాటు. పగులు లోపల అట్లే నిలుచును. చెడిన ముక్కను కోసి తీసి, లోపల బిగువైన గొట్టమును తొడిగి, క్రొత్త ముక్కను అతుకవలెను. ఆ కోత అడ్డముగ గాక ఏటవాలుగ నుండవలెను. అప్పుడు వేడి సోకిన భాగమంతయు గొట్టము చుట్టును ఒకే వలయముగ పడదు.