నెమలి పురిటిల్లు

హైదరాబాదు నగరమున బంజారాహిల్సు, జూబిలీహిల్సు మేడల నడుమ 350 ఎకరములకు పైబడిన చిట్టడవి యొకటి కలదు. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనమదియే. ఉదయమున వాహ్యాళికి వచ్చువారు నెమలిని చూచి మురియుదురు. చుట్టునున్న ముండ్లపొదలను చూచి మాత్రము కొందరు మొగము చిట్లింతురు. ఆ పొదలు నరికి పచ్చిక పెంచిన నెంత సొంపుగా నుండునని వారి తలపు.

నెమలి తలపు వేరు. ఆడనెమలి పొదమాటున నేలపై చిన్న గుంట చేసికొని, గ్రుడ్లు పెట్టి, సుమారు 28 దినములు పొదుగును. మగనెమలి పురివిప్పి యాడుటకు తెరపినేల కావలెను. రేయి నిద్రకు పెద్దచెట్టు కొమ్మ కావలెను. రాలిన యాకుల క్రింది గింజలు, పురుగులు దాని విందు. జెముడుకాకియు, కౌజుపిట్టయు, ముంగిసయు నా పొదలనే నమ్ముకొన్నవి. వనము చుట్టును బాటలు, భవనములు క్రమ్ముకొన్నవి; ఇచ్చటి పొద పోయినచో తరలిపోవుటకు ప్రక్కన వేరొక యడవి లేదు.

చదువరులారా! ఈ మారు ఆ బాటను నడచునపుడు క్షణకాలము కదలక నిలువుడు. ఎండుటాకుల సవ్వడి వినబడును; పొదలో నొక సంసారము సాగుచున్నదని తెలియును. 1963లో మనము నెమలిని జాతీయపక్షిగా గౌరవించితిమి. పింఛమునకు పట్టముగట్టి, పురిటింటిని పెరికివేయుట గౌరవము కానేరదు.